ఎవరు చేసింది వాళ్లకే

నా ఈ వీడ్కోలు సభకి అధ్యక్షులైన మా డైరెక్టరు గారికి, వేదిక మీది పెద్దలకి, ఆ మేడమీది గదిలో ఇన్నేళ్లూ నాతో పాటు ఉక్కపోతకి ఉడికిన మిత్రులకి, ముందు వరుసలో కూర్చున్న మా అత్తగారికి నమస్కారం. ఆవిణ్ణి ఆఖర్న తలచుకున్నందుకు ఇంటికెళ్లాక నాకు ఇంకో సభ ఉంటుంది. (నవ్వులు)

నా వెనక తెర మీద నడుస్తున్నది మా యంత్రం. నేను మాట్లాడే ప్రతి వాక్యాన్నీ విప్పి, ఎవరు ఏం చేశారో గీతలు గీసి చూపిస్తుంది. ఇవాళ ఇది తడబడితే మా గదిని లెక్కల విభాగానికి ఇచ్చేస్తామని డైరెక్టరు గారు పొద్దున్నే చెప్పారు. మా ప్రోగ్రామరు తమ్ముడు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. ‘‘అక్కా, ఇవాళ్టికి చిన్న చిన్న వాక్యాలు మాట్లాడండి, గట్టెక్కుతాం’’ అన్నాడు. అతని భయంలో న్యాయం ఉంది. అయినా నేను ఒప్పుకోలేదు, ఎందుకంటే మనుషులు మాట్లాడినట్టు మాట్లాడితే అర్థం చేసుకోలేని యంత్రం కోసమా ఇంత చాకిరీ చేశాం?

మనుషుల్ని ముందు వరసగా చెప్పి, వాళ్లు చేసిన పనుల్ని తర్వాత అదే వరసలో చెబితే, మా మొదటి యంత్రం చివరివాళ్ల పని మొదటివాళ్లకి అంటగట్టేది. మా నాన్న, అత్తగారు, మా ఆయన అని నేను వరసగా చెబితే, నాకు అక్షరాలు దిద్దించింది మా ఆయననీ, రోజూ వండిపెట్టింది మా నాన్ననీ తేల్చింది. మధ్యలో ఉన్న మా అత్తగారు మాత్రం ఎటు తిప్పినా కదల్లేదు. (నవ్వులు) ఇంట్లోనూ అంతే లెండి.

అలాగని ఏ మెలికనైనా ఒప్పుకునే వ్యాకరణం పెడితే ఒక్క వాక్యానికే యుగాలు పడుతుంది. అందుకే సందర్భాన్ని కాస్త, అవసరమైనంత మేరకే పట్టించుకునే వ్యాకరణాన్ని పట్టుకున్నాం. ఆ ‘కాస్త’ ఎంతో తేల్చడానికే నా ఉద్యోగమంతా సరిపోయింది. అలాంటి వాక్యాలు తీసేస్తే పోలా అన్నవాళ్లున్నారు, వాళ్లిప్పుడు ఈ వేదిక మీదే ఉన్నారు, నేను మాత్రం తియ్యలేదు. గర్వంగానే చెబుతున్నాను.

ఇక నా కృతజ్ఞత. ఒకే వాక్యం, ముక్కలు చెయ్యను. తమ్ముడూ, తెర చూసుకో.

ఇవాళ లేని మా నాన్న, ఇదిగో ఈ అత్తగారు, వెనక నిలబడ్డ మా ఆయన, వరసగా, నాకు అక్షరాలు దిద్దించారు, నేను పనికెళితే నా బిడ్డని పెంచారు, అలసి వచ్చిన ప్రతిరోజూ నాకు వండిపెట్టారు.

(తెర మీద ఏమీ కదలదు)

కంగారు పడకండి, ఆలోచిస్తోంది.

(చప్పట్లు)

చూశారా, గీతలు ఒకదాన్నొకటి దాటుకుంటూ వెళ్లి సరైన చోటే ఆగాయి. మా నాన్న చేసింది మా నాన్నకే దక్కింది. ఆయన ఉంటే ఎంత సంతోషించేవారో!

డైరెక్టరు గారూ, మీరు తల ఊపారు. అది మా యంత్రానికి అర్థం కాదు గానీ, సభంతా చూసింది. గది తాళంచెవి ఇదిగో, తమ్ముడి చేతికే ఇస్తున్నాను. అందరికీ ధన్యవాదాలు, సెలవు.