నీళ్ళతో కడిగిన గిటార్

“తాతా, ఫోన్ ఆన్ సేసినా, ఇంగ సెప్పు. నీకు గిటార్ ఎవురు నేర్పించినారు?”

ఎవురు నేర్పించినారా? ఆహా! ఈ పలమనేరులో గిటార్ వాయించేవాళ్ళు వీధికి నలుగురు ఉండారు గదా, యెవురి కాడికి పోదామా అని తెగ ఆలోచన సేసి, కడాకి ఒక్కరూ నా తెలివికి సరిపోరని ఇంట్లోనే కూసున్యా. పెట్టుకో, ఇది కూడా రికార్డు పెట్టుకో. శ్రీసిటీలో నీ జతోళ్ళకు వినిపించు, మా తాత పెద్ద విద్వాంసుడని.

ముందు ఆ గిటార్ ఎవురిదో సెప్పు. నీదే గదా. తిరపతిలో కాలేజీ సదివేటప్పుడు మీ నాయన ప్రాణం తీసి కొనిపిచ్చుకుంటివి. ఆ రేటుకు మా కాలంలో పాలిచ్చే ఆవు వచ్చేది పాపా, దూడ ఊరికే. కొన్నాక ఏం వాయించినావు తల్లీ, ఏం వాయించినావు! దాన్ని పట్టుకొని ఫోటోలు దిగినావు. మేడ మీద ఒకటి, చెట్టు కింద ఒకటి. ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చె, హాస్టల్లో జాగా లేదని తెచ్చి ఈడ మా గోడకు తగిలించి పోతివి. మీ అవ్వ దాని మీద తడిగుడ్డ ఆరేసేది. అదీ దానికి మన ఇంట్లో జరిగిన మర్యాద.

నవ్వు, నవ్వు. నీకేం పోయింది.

ఇంగ నాకీ బుద్ధి యెందుకు పుట్టిందంటే, అది సెప్పాలంటే ఆవుల కాణ్ణించి ఎత్తుకోవాల. నీకు తెలిసిందే గదా, మీ అవ్వకు ఆవులు, నాకు పాల వ్యాను. తెల్లారకముందే లేసి ఆమె పాలు పితికేది, నేను ఆ క్యాను, ఊర్లో వాళ్ళ క్యాన్లు అన్నీ ఎక్కిచ్చుకొని మొగిలి ఘాట్ దిగి చిత్తూరికి పొయ్యేవాణ్ణి. ఘాట్ అంటే ఇప్పుడు నువ్వు నిద్రపోతా బస్సులో వచ్చే రోడ్డు కాదు. అప్పట్లో ఆ మలుపుల్లో మా సిన్నాయన కొడుకు ఒకడు లారీ యేసుకోని... సరేలే, అది వేరే కత. వాడు బాగానే ఉండాడు, లారీనే మిగల్లే. యాడుంటిమి? ఆ, పాట కాడ.

మీ అవ్వ పాడితేనే ఆవు సేపేది. సేపడమంటే నీకేం తెలుస్తాది, కత్తెరతో ప్యాకెట్ కోస్తే వచ్చేస్తాయి నీకు పాలు. ఆవుకు మనసు కుదిరి పాలు పొదుగులోకి దించల్ల, అదీ సేపడమంటే. మీ అవ్వ దాని డొక్కకు తల ఆనిచ్చి, గొంతులోనే సన్నంగా ఎత్తుకునేది, ‘దించవే నా తల్లి, దూడకింత, నాకింత’ అని. ఆమె గొంతు తెలుసు గదా, మొగోళ్ళ గొంతు మాదిరి లావుగా ఉంటాది. ఆవులకు ఆ గొంతే కావాల. ఇంగెవురు కూసున్యా తన్నేవి. ఒగసారి ఆమెకు జ్వరమొస్తే నేను కూసున్యా. నా మీద వాటికి ప్రత్యేకంగా అభిమానమేం లేదని ఆ పొద్దు తెలిసె.

ఆమె మోకాళ్ళకు ఆపరేషన్ అయినాక డాక్టరు గొంతుక్కూసోకూడదనినాడు. మీ నాయన వచ్చి ఆవుల్ని అమ్మించేసినాడు. టెంపో ఎక్కిస్తా ఉంటే మీ అవ్వ బయటికి రాలే. లోపల గిన్నె తోముతా ఉండాది, తోమిందే తోముతా. నేను కూడా ఇంగ యెవురి కోసమని వ్యాన్ ఇచ్చేస్తి. ఆ పొద్దుతో పాట పోయింది. మాట పోలేదులే, నన్ను తిట్టే దానికి నోరు బాగానే ఆడతాది. పాటే పోయింది. తెల్లారితే ఇంట్లో ఫ్యాను సప్పుడు తప్ప ఏమీ ఉండదు. పెండ్లయినప్పటి నుంచీ ఆ పాట ఇని లేసినోణ్ణి పాపా, నాకు కష్టమైపోయె. ఉండబట్టలేక ఒగసారి అడిగినా, పాడమే అని. ‘ఎవురికి పాడల్ల? నువ్వేమన్నా బకెట్ నింపుతావా?’ అనింది.

అప్పుడు గోడ మీద నీ గిటార్ కనపడె. నేను గనక ఆ పాట వాయిస్తే ఆమె గొంతు దానంతట అదే కలస్తాది అనుకుంటి. అదీ నా ప్లాను. ఇంజినీరింగ్ సదివినోళ్ళకు కూడా రాదు ఇట్లాంటి ప్లాను.

ఫోన్‌లో ఒక గురువు దొరికినాడు. జుట్టు ముడేసుకోని, ‘చాలా ఈజీ ఫ్రెండ్స్’ అంటాడు. నోరు తెరిస్తే ఈజీ. ఫోన్‌ను రాగిపిండి డబ్బాకు ఆనిచ్చి, కండ్లద్దాలు పెట్టుకోని, వాడెట్ల పట్టుకుంటే నేనూ అట్లే పట్టుకుంటి. వాడు నాకు ఎదురుగా కూసోనుండాడు గదా, వాడి గిటార్ మెడ నా కుడిపక్కకు కనపడె, నేనూ కుడిపక్కకే పెడితి. ఎంత కాలం అట్ల వాయించినానో. నువ్వు వీడియో కాల్‌లో సూసి, తాతా, తిరగేసి పట్టుకున్యావు అనేదాకా. నువ్వు నాకు నేర్పిన విద్య అదొక్కటే. మరిచిపోనులే, గురుదక్షిణ ఇస్తా.

తీగలు నొక్కితే వేలికొనలు కోసుకుపోయె. స్టీరింగ్ పట్టి కాయలు కాసిన సెయ్యి గదా, దీనికేమవుతాది అనుకుంటి. కాయలేమో అరచేతిలో, కోసేదేమో వేలికొనల్ని. సంగటి ముద్ద పులుసులో అద్దితే ప్రాణం పోయేది. మీ అవ్వ సూసి, ‘పాపం, పొద్దన్నుంచి బండలు కొట్టి వచ్చినాడు’ అని స్పూన్ తెచ్చి పెట్టింది. సంగటికి స్పూను! ఇంగ తీగ బిగించే కత సెప్తే సిగ్గు. ఫోన్‌లో సుతి సూపించే ముల్లు నడాన నిలబడేదాకా బిగించల్లంట. నేను క్యాన్లకు తాడు బిగించినట్ల బిగిస్తి. టప్‌మని తెగి చెంప మీద కొట్టె. వంటింట్లోనుంచి అడగతాది మీ అవ్వ, ‘ఏమయ్యా, తన్నిందా?’ అని.

ఇట్లుండగా ఆయుధ పూజ వచ్చె. ఊర్లో అందరూ బండ్లు కడగతా ఉండారు. ఆటోలు, ట్రాక్టర్లు, పక్కింటామె కుట్టుమిషన్ కూడా. నా వ్యాన్ ఏ యేడాదీ కడగకుండా ఉండలే. ఈసారి సేతిలో పైపు ఉండాది, కడగడానికి బండి లే. ఇప్పుడు నా పనిముట్టు ఏది? గిటారే గదా అనుకుంటి. బయటికి తెచ్చి, సోపు పెట్టి, పైపుతో లోపలా బయటా శుద్ధంగా కడిగి, మేడ మీద ఎండకు పెట్టినా. విభూతి పెట్టి, బొట్టు పెట్టి, చెండుపూల మాల యేసి, గుమ్మడికాయ కొట్టినా. మీ అవ్వ నిమ్మకాయ పట్టుకోని నిలబడి, ‘దీన్ని ఏ చక్రం కింద పెట్టమంటావు?’ అనె.

సాయంత్రానికి పూరీ మాదిరి ఉబ్బింది. తీగలు కట్టిన చెక్క లేసి నిలబడె. ఫోన్‌లో సెప్తే నువ్వు నవ్వి నవ్వి కింద పడితివి గదా. ఆ నవ్వు నేను మరిచిపోలే.

వీధి సివర మంచాలు సేసే ఆచారి కాడికి ఎత్తుకపోతి. ఆయన అటూ ఇటూ తిప్పి సూసి, ‘ఏమన్నా, దీనికి ఈత నేర్పిస్తా ఉండావా?’ అనె. ఈ ఊర్లో ఎవురికీ నోట్లో మంచి మాట ఉండదు పాపా. జిగురు పూసి, పైన రుబ్బురాయి పెట్టి ఆరేసినాడు. తిరిగిచ్చేటప్పుడు సెప్పె, బిగించి కట్టొద్దు, వదులుగానే పెట్టుకో, లేకపోతే మళ్ళా లేస్తాదని. వదులు సేస్తి. ముల్లు నడానికి రానే రాదు. ఈజీ గురువు సూస్తే ఏడుస్తాడు. కానీ ఇను, ఆ వదులు తీగ మీద పలికే సప్పుడు అడుక్కు దిగి, దిగి, అచ్చం మీ అవ్వ గొంతు కాడికి వచ్చి నిలబడె. దేవుడు కూడా పైపుతో కడిగినోడికే వరమిస్తాడేమో.

ఇంగ పాట. ఆ పాట మొత్తం నాకు వచ్చు అనుకుంటి. సెయ్యి పెడితే కదా తెలిసింది, మొదటి ముక్క తప్ప ఏమీ తెలీదని. ఎట్ల తెలుస్తాది? మొదటి క్యాను నిండంగానే ఎత్తుకోని వ్యాన్ స్టార్ట్ సేసేవాణ్ణి. ఇన్నేండ్లూ పాట నడిమధ్యలో లేసి పోయినోణ్ణే నేను. తక్కింది ఆవులు ఇన్నాయి, నేను ఇనలే. ఇది తల్సుకుంటే బాధైపోయె పాపా, నిజంగానే.

సరే, వచ్చిన ముక్క వాయించి, రాని ముక్క సొంతంగా కల్పిస్తి. పొద్దన్నే వసారాలో కూసోని వాయిస్తా ఉంటే మీ అవ్వ ఎదురుగా సెనిక్కాయలు ఒలస్తా ఉండాది. తలెత్తదు, గొంతు కలపదు. ఎన్నో దినాలు అట్లే. ఒకనాడు నా సొంత కల్పన ఎత్తుకోంగానే చాట పక్కన పెట్టి, ‘థూ, ఆ పాట అట్లనా పొయ్యేది? అట్ల పాడితే ఆవు నీ పండ్లు రాలగొడతాది’ అని, ఎట్ల పోతాదో పాడి సూపించింది. మొదటి నుంచి కడా దాకా. నేను తీగల మీద సెయ్యి తీసేస్తి. కండ్లల్లో నీళ్ళు తిరిగె. ఆమె సూసి, ‘ఏం, మళ్ళా యేలు కోసుకున్యావా?’ అనింది. ఊ అనినా.

అప్పటినుంచి దినామ్మూ ఇంతే. నేను వాయిస్తా, అదే కాడ తప్పుతా, ఆమె తిట్టి పాడతాది. నీకీ జన్మకు రాదయ్యా అంటాది. తలకాయ కిందికేసుకోని ఇంటా.

ఏం, వచ్చేసిందా అంటావా? ఎప్పుడో వచ్చేసింది పాపా. ఆమె మధ్యాన్నం పండుకున్యప్పుడు, గొడ్లపాక కాడికి పోయి, తప్పు లేకుండా కడా దాకా వాయిస్తా. ఆమె ముందర సరిగ్గా వాయించినాననుకో, ఆమెకు పాడే పని ఏముంటాది?

ష్, గమ్మునుండు, చాట ఎత్తుకోని వస్తా ఉండాది. ఆ ఫోన్ ఆపు. సల్లగుండు తల్లీ, నీ గిటార్ కడిగినానని మనసులో పెట్టుకోవద్దు. దాన్ని ఇట్ల తే. తప్పు వాయించే టైమయ్యింది.