రసం వద్దన్న కాగితం

హలో… ఆ, నేనేనమా, సుకుమారిని… తిన్నాలే. తిన్నానన్నా గదా! ఆత్మకూరులోనే, కొట్లో ఉండా. నాయన రిపోర్టు వచ్చినాది.

…బాగా రాలేదమా. షుగరు నాలుగొందల పన్నెండు.

ఏడవబాక. ముందు చెప్పేది ఇను. శుక్రవారం లోపల రెండొందలకి దిగితే కాలి పుండు మానుద్దంట. లేకుంటే బొటనవేలు తీసేస్తారంట… కాలు కాదు, వేలే. ఇప్పటికి వేలే.

ఏమేం పెడతా ఉండావో అన్నీ చెప్పు. దాచబాక… సంగటి. ఒక ముద్దేనా?… టీలో చక్కెర లేదు… మిఠాయి ముట్టలేదు… మరి ఇంత షుగరు యాడినించి వస్తా ఉండాది? గాలి పీలిస్తే వస్తాదా?

…ఏందీ, రసం మానేసినారా? మిరియాల రసమా! దాన్నెందుకు మానేసినారు?

…డాక్టరు కాగితంలో ఉండాదని. రసాలు వద్దని… అయ్యో అమా! అది పండ్ల రసం! మనం అన్నంలో పోసుకునే రసం కాదు. జూసు! జూసు వద్దని!

…ఏమన్నావు? మళ్లీ చెప్పు… రసం లేక నోరు చప్పబడిందని… బలానికని… జూసు తాగిస్తా ఉండావా! మామిడి జూసు… రోజుకి పెద్ద బాటిలా?

ఎన్నాళ్లనించి?… పద్దెనిమిది రోజులు. దేవుడా.

…పండు బొమ్మేస్తే పండయిపోద్దా? ఉండు, అది ఇక్కడ కొట్లోనే ఉండాది, చదువుతా… వంద మిల్లీకి చక్కెర పదమూడు గ్రాములు. బాటిలు ఆరొందల మిల్లీ… డెబ్బై ఎనిమిది గ్రాములు. పదిహేను స్పూన్లు అమా! పొట్టేలుకి పోసినా పడిపోద్ది.

…ఇంకేంది? టమోటా సాసా? ఉప్మాలోకి… కూరగాయే గదా అని. ఉండుండు, అదీ చూస్తా… వందకి ఇరవై అయిదు!

…అవును, లెక్కకి జూసుకంటే ఎక్కువే. అయితే సాసు స్పూనుడేసుకుంటాడు, బాటిలెత్తి తాగడు గదా. ఉప్పొకటి దండిగా ఉండాది. రెండూ వద్దు. పారబొయ్యి… పక్కింటోళ్లకి ఇచ్చేదేంది? పారబొయ్యమంటే!

సొరకాయ పులుసు పెట్టు. బెల్లం ఏసేవు, వద్దు… ఆ, రసం పెట్టు. దానికేం భయం లేదు.

నీకు చెప్పిందెవరు, రసం మానమని? అడగొద్దా నన్నొక మాట? ఎవరు చెప్పినారు—

…నేనా?

…ఎప్పుడు?… కాగితం ఫొటో పంపిన రోజు… ఆ. గిరాకీ ఉండింది. గబగబా చదివినా… 'రసాలొద్దంటమా' అన్నానా. పండ్ల అనే మాట అనలేదా?

…

లేదమా. నువ్వు తప్పు ఇనలేదు.

…నాయనకియ్యి ఫోను. ఊరికే. ఇయ్యి.

నాయనా… పుండు ఎట్టా ఉండాది?… నొప్పి లేదా? అసలుకే లేదా?… గిల్లినా తెలీలేదా… రంగు ఎట్టుండాది?… నల్లగా.

ఎప్పట్నించి?… ఆదివారం! మరి నిన్న రక్తం ఇచ్చేదానికి వచ్చినావే, డాక్టరుకి ఎందుకు చూపించలా?… అమ్మ పక్కన ఉండాదని. ఓహో. కట్టు నువ్వే మార్చుకుంటా ఉండావా రోజూ?

నవ్వబాక నాయనా! గొర్రెలెనక తిరిగేదానికి తొమ్మిది వేళ్లు చాలంటావా? ఏం మాటలవి? శుక్రవారం లేదు, గిక్రవారం లేదు. కారు మాట్లాడుకోని ఇప్పుడే ఆత్మకూరికి బయల్దేరండి. నేను ఆస్పత్రి కాడ ఉంటా.

…అమ్మకి చెప్పొద్దా?… తాగబోసింది తానేనని కుమిలిపోద్దనా…

…ఫోను అమ్మకియ్యి నాయనా. ఇయ్యమంటే ఇయ్యి!

అమా… ఏం లేదు. ఇను. నాయన కాలికట్టు విప్పు… ఇప్పుడే విప్పు, ఆయన వద్దంటాడు, ఇనబాక. అది నీ వల్ల కాదు. నేను చదివిందాని వల్ల. ఇన్నావా? నా వల్ల… విప్పినావా?

…అమా?

…ఆ, వేలు నల్లబడిందని నాయన చెప్పినాడమా. ఏడవబాక, కారుకి చెప్పు… హలో… హలో?