గుడ్లగూబకి ఒక కన్నే ఎందుకు

చీకటిగది అత్తకి డెబ్భై నాలుగేళ్ళు. టీ ఎప్పుడూ నిలబడే తాగుతుంది. నిఘా విమానాల దళంలో ఫిలిం కడిగే గదిలో పనిచేసినన్నాళ్ళూ అక్కడి ఆడవాళ్ళకి కుర్చీ ఇవ్వాలని ఎవరికీ తోచలేదు. ఉద్యోగం అయిపోయింది గాని కాళ్ళకి ఆ అలవాటు పోలేదు.

ఆ మధ్యాహ్నం కూడా దళం గేటు ఎదురుగా ఉన్న టీ కొట్లో గోడకి ఆనుకుని నిలబడింది. బెంచీ మీద ఆమె మరిది కాళ్ళు బారజాపి కూర్చున్నాడు. అందరూ అతన్ని మబ్బుల బాబాయి అంటారు. అదే దళంలో విమానాలకి కెమెరాలు బిగించేవాడు. బిగించి కిందికి దిగిపోవడమే అతని పని. రిటైరైన మర్నాటి నుంచీ ఆ విమానాలన్నీ తనే ఎక్కినట్టు చెబుతున్నాడు.

ఇవాళ అతనికి కొత్త శ్రోత దొరికింది. దళం నుంచి ఒక కుర్ర ఆఫీసరమ్మ వచ్చింది. దళానికి యాభై ఏళ్ళు నిండుతున్నాయట, గేటు గోడ మీద చిహ్నం పెద్దగా వేయించి కింద దాని చరిత్ర రాయిస్తారట. చిహ్నంలో ఉన్నది గుడ్లగూబ. ఒక కన్ను తెరిచి, ఒకటి మూసుకుని ఉంటుంది. అలా ఎందుకుందో ఆఫీసులో ఒక్కరికీ తెలీదు. సాయంత్రం పెయింటర్ వస్తాడు, ఈలోగా తేల్చాలి.

"సరైన మనిషి దగ్గరికే వచ్చావు తల్లీ," అన్నాడు బాబాయి. "మన దళం మొట్టమొదటిసారి నిఘాకి బయల్దేరిన రోజది. కెమెరా బోల్టు ఒకటి వదులుగా ఉందని పైలట్‌కి అనుమానం. నువ్వూ ఎక్కవయ్యా, ధైర్యంగా ఉంటుంది అన్నాడు. ఎక్కాను. అంతే, పెద్ద సంగతేం కాదు."

"అంతేనా?" అన్నాడు టీకి వచ్చిన పక్క టైర్ల షాపాయన, నిరాశగా.

"అంతే అయితే గోడ మీదికెందుకెక్కుతుందయ్యా? పైకెళ్ళాక ఆ బోల్టు కాస్తా ఊడింది. కెమెరా అంటే నీ ఫోను అనుకునేవు, నీళ్ళ పీపా అంత ఉంటుంది, దాన్ని చంటిపిల్లాడిలా చంకనేసుకుని, కింద తలుపు తీసి, నడుం దాకా బయటికి వేలాడుతూ ఫోటోలు తీస్తున్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మబ్బు అడ్డమొచ్చింది! ఏం చెయ్యాలి? మెళ్ళో తువ్వాలు తీసి ఇలా ఇలా విసిరాను. పక్కకి పోయింది."

"మబ్బే?"

"మరి నాకా పేరు ఊరికే వచ్చిందా?"

టీ కొట్టావిడ గ్లాసులు కడుగుతూ పక్కకి తిరిగి నవ్వుకుంది. అత్త నవ్వలేదు. ఊదుకుంటూ తాగుతోంది.

"మబ్బు పోయేసరికి కింద ఎవరు? శత్రువుల సేనాధిపతి! పెరట్లో నిలబడి గడ్డం గీసుకుంటున్నాడు. ఎడమ బుగ్గ అయింది, కుడి బుగ్గ మీద నురగ ఉంది. అంత ఎత్తు నుంచి నురగలో బుడగలు కూడా కనిపించాయి నాకు. సరిగ్గా అప్పుడు ఎక్కణ్ణించి వచ్చిందో ఒక గుడ్లగూబ, వచ్చి కెమెరా మీద వాలింది. నేను గురి చూడ్డానికి ఒక కన్ను మూశానా, నన్ను చూసి అదీ మూసింది! ఇద్దరం కలిసి నొక్కాం. ఆ ఫోటో చూసి ఆ సేనాధిపతి, నా జన్మలో ఇంత బాగా ఎప్పుడూ పడలేదు, యుద్ధం సంగతి తర్వాత చూద్దాం, ముందు నాకో కాపీ పంపండి అని కబురు పెట్టాడు."

ఆఫీసరమ్మ కూడా పకపకా నవ్వింది. "అదంతా గోడ మీద పట్టదు గాని బాబాయ్‌గారూ, ఆ మొదటి ఫోటోలు మా దగ్గర ఒక్కటీ లేవేం?"

బాబాయి టీ గుటకేశాడు. గుటకలోనే జవాబు దొరికింది.

"ఎలా ఉంటాయమ్మా? అంత కష్టపడి తెస్తే ఫిలిం కడిగే ఆడవాళ్ళు కబుర్లలో పడి తలుపు తీశారు. వెలుగు పడి మొత్తం మాడిపోయింది. అప్పుడే విచారణ కూడా అయింది, కావాలంటే చూసుకో."

"అవును, కడిగే సిబ్బంది పొరపాటు అని చదివాను. అయితే అదీ ఒక ముక్క రాయిస్తాను," అంటూ ఆమె ఫోన్లో రాసుకోబోయింది.

అత్త గ్లాసు కింద పెట్టింది. ఇంట్లో పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఈ మాట చాలాసార్లు విని ఊరుకుంది. గోడ మీద రాస్తే దారిన పోయే ప్రతివాడూ చదువుతాడు.

"మరిదిగారూ, మాడిపోయిందన్నావు. ఏ రంగులో ఉంది?"

"ఇంకే రంగు వదినా? బొగ్గులా నల్లగా!"

"వెలుగు పడితే నలుపే, నిజం. నేను చేత్తో ఎత్తి చూసిన ఫిలిం మాత్రం ఈ చివర నుంచి ఆ చివరకి గాజులా ఉంది. అంటే దానికి వెలుగే తగల్లేదు. మేం కాదు కదా, సూర్యుడు కూడా దాన్ని చూడలేదు. కెమెరా లెన్సుకి మూత పెట్టే పంపారు. మూత తియ్యాల్సింది ఎవరు నాయనా? బిగించినవాడే కదా?"

టైర్ల షాపాయన బాబాయి మొహంలోకి వంగి చూశాడు. "ఏం బాబాయ్, మబ్బు తీశావు గాని మూత తియ్యలేదా?"

బాబాయి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"అప్పుడే ఎందుకు చెప్పలేదండీ?" అంది ఆఫీసరమ్మ.

"చెప్పబోతే మా ఆయన అడ్డం పడ్డాడు. తమ్ముడి ఉద్యోగం పోతుంది, నోరు మూసుకో అన్నాడు. కడిగే గదిలో మా ముగ్గురికీ రావాల్సిన ప్రమోషన్లు పోతే పోయాయట, ఆడవాళ్ళ జీతం ఎలాగూ చేతిఖర్చేనట! సరే, నోరు మూసుకున్నాను. తర్వాత నెలలో చిహ్నం బొమ్మ కాపీ తీయమని మా గదికే వచ్చింది. గుడ్లగూబకి రెండు కళ్ళూ తెరిచే ఉన్నాయి. నెగటివ్ మీద మరకలు సరిచేసే సన్న కుంచె నా చేతిలోనే ఉంది. ఒక కంటికి మూత పెట్టేశాను. పైవాళ్ళు చూసి, అబ్బ, గురి చూస్తున్నట్టు ఎంత బాగుందో అని మురిసిపోయారు."

బాబాయి నోరు తెరిచాడు. "నేను... నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ దాన్ని టోపీ మీద పెట్టుకు తిరిగాను కదా వదినా!"

"చూశానుగా. రోజూ చూసి నవ్వుకునేదాన్ని. అందుకే నాకు బీపీ రాలేదు."

టీ కొట్టావిడ చేతిలో గ్లాసు జారి తొట్టిలో పడింది. కొట్టంతా గొల్లుమంది. కాసేపటికి బాబాయి కూడా నవ్వాడు, నవ్వక ఏం చేస్తాడు! "అదే తల్లీ, చివర్న నేనూ అదే చెప్పబోతున్నాను," అన్నాడు ఆఫీసరమ్మతో. ఎవరూ వినిపించుకోలేదు.

గోడ మీది చరిత్ర అత్తే రాసిచ్చింది. ఫిలిం కడిగిన ముగ్గురు ఆడవాళ్ళ పేర్లూ పెట్టింది. మరిది పేరూ పెట్టింది, మూత మరిచిపోయినవాడని.