ఆవాల మచ్చలు

దండ కావాలంటే నీ మొగానికి ఏపిచ్చుకో కృష్ణమ్మక్కా, నా మొగానికెందుకు? చచ్చిపోయింది నువ్వా, నేనా?

ఏందీ, పలకవా? చేన్లో సమాధి కట్టిచ్చుకొని సల్లంగ పండుకున్యావు. పలకొద్దులే, విను.

కర్నూలు రాజధాని అయిన ఏడు నీ మొగుడు సంజీవయ్య నన్ను రెండో పెండ్లి చేసుకొని నంద్యాల నుంచి ఈ ఆళ్లగడ్డకు తెచ్చినాడు. ఆ పొద్దు నుంచీ నీ చీరలే కట్టుకుంటాండా. నీ మాదిరే పప్పు ఎనపాల, నీ మాదిరే ముగ్గెయ్యాల. అత్తయితే నన్ను 'సరస్వతీ' అని పిలిచిందే లేదు, నోట్లో నుంచి నీ పేరే వస్తాది. అట్లయితే నేనెవురు? నువ్వే చెప్పు.

అందుకే చేసినా. బట్టలంగడి అట్ట ఒకటి తీసుకొని, అద్దం ముందర కూసోని, మైదా బంకతో నా మొగం నేనే అతికిచ్చినా. చెంపలకు చీరపేలికలు, జుట్టుకు నల్లదారం, కండ్లకు క్యాలెండరు కాయితం, మెడకు పగిలిన గాజుముక్కలు. చిన్నప్పుడు అమ్మవారు పోసిన మచ్చలుండాయే, వాటికి ఆవాలు. అవి ఒక్కటి గూడ ఇడ్సకుండా పెట్టినానక్కా. ఎప్పుడూ పౌడరేసి దాచేదాన్ని గదా. అంతా అయినాక చూస్తే, అబ్బ, నేనే! నాకు నేనే నచ్చినా.

బంక ఆరకముందే ఆయనొచ్చినాడు. నాకాడుండే పేలికలన్నీ నీ చీరలవే గదా, ఆ ఎర్రంచు చూసి ఆడనే కూలబడినాడు. "కృష్ణా" అని ఏడ్సినాడు. నీకు ఫోటో కూడా లేకపాయె. "దాని మొగం మర్సిపోయినా, మళ్లా తెచ్చిచ్చినావు" అంటాడు, నాతో! అది నా మొగమని చెప్పనిస్తేగదా!

ఆడికి ఆగినాడా? "దానికి మచ్చల్లేవు" అని ఆవాలన్నీ గోటితో గీకేసినాడు. గోడకు తగిలిచ్చి, బొట్టు పెట్టి దండేసినాడు. అత్త దండం పెట్టింది. నా మొగానికి నేనే ఊదొత్తులు ముట్టిచ్చినా, తెలుసా?

ఈ పొద్దు ఓర్సుకోలేకపోయినా. దించినా. ఆయన చూస్తాండంగనే ఆవాలు మళ్లా అతికిచ్చినా.

"ఏందే ఆ పని?" అని అరిసినాడు.

"ఇది నేను! సరస్వతిని! బతికే ఉండా!" అన్యా.

అట్ట పక్క చూసినాడు, నా పక్క చూసినాడు. దగ్గరకొచ్చి నా చెంప మీద వేలు పెట్టి ఏమన్యాడో తెలుసా?

"నీకు ఇన్ని మచ్చలుండాయా?"

ఇన్నేండ్లు కాపురం చేసి, ఇప్పుడు అడుగుతాండాడక్కా! ఉండాయిలే, అన్యా. ఇంగేమంటా?