రంగుల వరస

మీడియా విభాగంలో అన్నిటికన్నా చిన్న గది ఎడిటింగ్ గది. కిటికీకి నల్లగుడ్డ వేలాడుతోంది, గోడ మీది తెర ఒక్కటే వెలుగుతోంది. చివరి ఏడాది పిల్లలు చేసిన మ్యూజిక్ వీడియోలన్నిటికీ మార్కులు పడ్డాయి, ఒక్కటి మిగిలింది. అది చేసిన అమ్మాయీ మార్కులు వెయ్యాల్సిన మేడమూ తప్ప గదిలో మూడో మనిషి లేరు.

“మళ్ళీ పెట్టు.”

“మొత్తమా మేడమ్?”

“మొత్తం అక్కర్లేదు. గిన్నెలు తోమే షాట్ దగ్గర్నుంచి. ఆ, ఇక్కడ ఆపు. మొహం ఎందుకు చూపించలేదు?”

“కావాలనే మేడమ్.”

“కావాలనే అని రాస్తే మార్కులు రావమ్మా. ఎందుకు కావాలో రాయాలి. మ్యూజిక్ వీడియో గురించి మొదటి పాఠంలో ఏం చెప్పాను?”

“పాడేవాళ్ళ మొహం క్లోజప్‌లో ఉండాలి. అమ్మేది పాటని కాదు, ఆ మొహాన్ని.”

“మరి నువ్వేం అమ్మావు? ఒక కుళాయి, సబ్బు నురగ, ఒక చెయ్యి. పాటంతా అదే చెయ్యి.”

“అమ్మడానికి చెయ్యలేదు మేడమ్.”

“సరే, అదే రాయి. అందరూ చేసేది కాదన్నాను అని రాయి. కాదన్నదానికి బదులు ఏం పెట్టావో కూడా రాయి. ఊరికే కాదంటే మొండితనం అంటారు, థియరీ అనరు.”

“రాస్తాను. మేడమ్, ఇక్కడ ఫ్యాను పనిచెయ్యదు. మీరు ఆ జాకెట్టు పొడుగు చేతులు మడుచుకోరాదూ. చెమటకి తడిసిపోతున్నాయి.”

“నాకు అలవాటే. పాట ఎవరిది?”

“మాదే.”

“మాదే అంటే?”

“మా ఇంట్లోదే. కూనిరాగం. మాటలు లేవు.”

“మాటలు లేవని వినబడుతూనే ఉంది. శ్రుతి జారింది. వెనక నీళ్ళ చప్పుడు. మధ్యలో ఎవరో తలుపు దబదబా బాదారు, పాట టక్కున ఆగింది, మళ్ళీ మొదలైంది. చప్పుళ్ళు తీసెయ్యడం మొదటి ఏడాదే నేర్పించాం కదా, రాదా నీకు?”

“వచ్చు మేడమ్.”

“మరి?”

“తీస్తుంటే పాట కూడా పోతోంది.”

“ఆ చెయ్యి ఎవరిది? నీది కాదు. నువ్వు గోళ్ళు కొరుక్కుంటావు.”

“మా అక్కది.”

“బాగా చేసింది. నటించినట్టే లేదు. ప్రదర్శన రోజు తీసుకురా, నాలుగు ముక్కలు మాట్లాడిద్దాం.”

“రాదు మేడమ్.”

“సిగ్గా?”

“సిగ్గని కాదు. రాదు.”

“పెళ్ళయిందా?”

“అయింది.”

“ఓహో. అయితే వదిలెయ్. రమ్మని బలవంతం చెయ్యకు, దానికి ఇంట్లో ఏం మాటలు పడాల్సొస్తుందో. సరే, తర్వాతి ప్రశ్న. గుర్తులు మూడు రకాలని చెప్పాను. ఏంటవి?”

“పోలిక, జాడ, ఒప్పందం.”

“జాడ అంటే?”

“నిప్పు లేనిదే పొగ రాదు. పొగని చూసి నిప్పుందని తెలుసుకుంటాం. పొగ జాడ.”

“ఈ చేతి మీద కమిలిన మచ్చ ఏంటి మరి?”

“జాడ.”

“ఆలోచించి చెప్పు. మేకప్‌తో వేసిన దెబ్బ జాడ ఎలా అవుతుంది? నిప్పు లేదు కదా అక్కడ.”

“మేకప్ అయితే పోలిక మేడమ్.”

“మేకప్ అయితే ఏంటి, మేకప్పే కదా?”

“పోలికనే రాస్తాను మేడమ్.”

“నీతో ఇదే చిక్కు. అడిగినదానికి పక్కనుంచి చెప్తావు. ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నా. కెమెరా పట్టింది ఎవరు?”

“నేనే అని హామీపత్రం మీద సంతకం పెట్టాను కదా.”

“సంతకం చూశాను. నోటితో చెప్పమంటున్నా. రూలు నీకు తెలుసు. ప్రతి షాటూ విద్యార్థే తియ్యాలి. బయటివాళ్ళు తీసిన ముక్క ఒక్కటి కలిసినా సున్నా. సున్నా వస్తే ఏడాది మళ్ళీ చదవాలి. చదివించేవాళ్ళున్నారా?”

“లేరు మేడమ్.”

“అందుకే అందరూ వెళ్ళాక అడుగుతున్నా. ఈ షాటు చూడు. ఫోను కిటికీ గట్టు మీద నిలబెట్టినట్టుంది. మనిషి పట్టుకుంటే కొంచెమైనా ఊగుతుంది. ఇది ఊగలేదు. నువ్వు ఆ వంటింట్లో లేవు.”

“ట్రైపాడ్ మేడమ్.”

“ట్రైపాడ్ అంత వంకరగా పెట్టే పిల్లవి కాదు నువ్వు. కెమెరా ఎవరి చూపు అని మొదట అడగాలి అన్నాను కదా. ఇది ఎవరి చూపు?”

“తనదే. తన చేతిని తనే చూసుకుంటోంది.”

“ఎవరికి చూపించడానికి?”

“మీ ఫోను మేడమ్. చాలాసేపట్నుంచి వణుకుతోంది.”

“ఒక్క నిమిషం. హలో. ఆ, కాలేజీలోనే. పొద్దున చెప్పాను కదండీ, మార్కులు వెయ్యాలని. ఒక్క స్టూడెంటే. లేదండీ, ఆడపిల్లే. అలాగే, ఫోటో పంపిస్తా. ఆ, గడియారం కనబడేట్టే తీస్తా. అమ్మాయ్, కొంచెం అలా గోడ గడియారం కింద నిలబడు.”

“నన్నా మేడమ్?”

“గదిని తీస్తున్నా. నువ్వు కూడా పడితే మంచిది.”

“ఎవరికి మేడమ్ ఫోటో?”

“ఆఫీసుకి. హాజరు వేస్తారు. కూర్చో, అయిపోయింది. తలుపు దగ్గర ఎవరది?”

“ఏమండీ మేడమ్ గారూ, ఇంకా తెమల్లేదా? ఈ ఎడిటింగ్ గది తాళం నా మెడకి తగిలించారు. మీరు లేస్తే గానీ నాకు ఇల్లు కనబడదు.”

“ఇదొక్కటే ఉంది ఎడిటింగ్ సార్.”

“ఇదా? దీనికింత ఆలోచన ఎందుకండీ. పొద్దున నా క్లాసులో వేశాం, పిల్లలు చప్పట్లే చప్పట్లు. మొదట కమిలిన చెయ్యి, చివరికి మచ్చ లేని చెయ్యి. కాలం ఏ గాయాన్నైనా మాన్పుతుందని చెప్పకనే చెప్పింది మన పిల్ల. ఆశ ఉందండీ ఇందులో. నాలుగు మార్కులు పడేసి లేవండి. తగ్గించకండి మాత్రం. ఈ పిల్లలు తమకి తగ్గాయని కాదు, పక్కవాడికి ఎక్కువొచ్చాయని ఏడుస్తారు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు. అదేంటి, ఇద్దరూ నవ్వరేం?”

“తాళం ఇక్కడ పెట్టి వెళ్ళండి సార్. నేనే వేసేస్తాను.”

“ఆ ముక్క ముందే అంటే ఈపాటికి బస్సులో ఉండేవాణ్ణి. ఇదిగోండి. వస్తానమ్మా, కంగ్రాట్స్.”

“తలుపు దగ్గరకి వెయ్యి. నిజంగానే చప్పట్లు కొట్టారా?”

“కొట్టారు.”

“ఆశ ఉందన్నారా?”

“అందరూ అదే అన్నారు. ఒకమ్మాయైతే ధైర్యం వచ్చిందని నా చెయ్యి పట్టుకుంది.”

“నువ్వేమన్నావు?”

“థాంక్స్ అన్నాను. మీరే చెప్పారు కదా మేడమ్, చేసినవాడు చేసి పక్కకి తప్పుకోవాలి, చూసేవాడు తన బతుకుతో చదువుకుంటాడని.”

“చెప్పాను. చదువుకోవడం వేరు, తప్పు చూసీ చూడనట్టు పోవడం వేరు. ఇందులో కంటిన్యుటీ తప్పుంది. వాళ్ళ కళ్ళు కప్పావు గానీ ఇక్కడ మార్కులు కొయ్యక తప్పదు.”

“ఏ తప్పు మేడమ్?”

“దెబ్బకి రంగు బాగానే కుదిరింది, అచ్చం అసలుదానిలాగే ఉంది. వరస తప్పింది. మొదటి షాటులో పసుపు పెట్టావు. తర్వాత ఆకుపచ్చ. ఆ తర్వాత నీలం. అన్నీ అయ్యాక ఎర్రగా వాచిన చెయ్యి, వెంటనే మచ్చ లేని చెయ్యి. అలా మానదమ్మా. ముందు ఎరుపు. తెల్లారేసరికి నీలం. అది నల్లబడి, అంచుల్లోంచి ఆకుపచ్చ తిరుగుతుంది. పసుపు ఆఖరిది. పసుపొచ్చిందంటే ఇక పొడుగు చేతులు కూడా అక్కర్లేదు, కాస్త పౌడరు అద్దితే చాలు. నువ్వు మొత్తం తలకిందులు చేశావు. ఏంటలా చూస్తున్నావు?”

“ఎవ్వరూ కనిపెట్టలేదు మేడమ్. క్లాసంతా చూసింది. ఎడిటింగ్ సార్ రెండుసార్లు చూశారు.”

“కళ్ళుంటే కనబడుతుంది.”

“కళ్ళు అందరికీ ఉన్నాయి.”

“చిన్నప్పుడు సైకిల్ మీంచి పడేదాన్ని. పడ్డవాళ్ళందరికీ తెలిసిందే ఇది.”

“పౌడరు సంగతి కూడానా?”

“ప్రశ్నలు అడిగేది నేను. వరస ఎందుకు తప్పింది?”

“తప్పలేదు మేడమ్. నేనే ముక్కల వరస తిప్పి పెట్టాను. చివర తీసింది ముందు, మొదట తీసింది చివర.”

“అంటే ఆ మచ్చ లేని చెయ్యి...”

“మానిన చెయ్యి కాదు. ఇంకా దెబ్బ తగలని చెయ్యి. పెళ్ళయిన కొత్తలో, కొత్త వంటిల్లు చూడవే అని నాకు తీసి పంపింది. ఫోను కిటికీ గట్టు మీద పెట్టి.”

“తర్వాతివి?”

“అవి పంపలేదు. తీసి ఫోన్లోనే దాచుకుంది. ఫోను వస్తువులతో పాటు మాకిచ్చారు.”

“వస్తువులేంటి?”

“బట్టలు, చెప్పులు. ఆస్పత్రిలో సంచిలో వేసి ఇచ్చారు మేడమ్. మెట్ల మీంచి జారిపడిందని బావ చెప్పాడు. అందరూ అయ్యో పాపం అన్నారు. బావనే ఎక్కువ ఓదార్చారు.”

“ఎప్పుడు జరిగింది? క్లాసులో ఒక్కరికీ తెలీదే.”

“సెలవుల్లో. జ్వరమొచ్చిందని ఆలస్యంగా వచ్చాను, మీరు తిట్టారు కూడా.”

“మీ అమ్మకి చూపించావా ఇవి?”

“చూపించాను. ఇంటి గుట్టు లంకకు చేటు అంది. పోయింది ఎలాగూ తిరిగి రాదు, దాని పేరు నలుగురి నోళ్ళలో నానకూడదంది. మొహం మాత్రం ఎక్కడా పెట్టనని ఒట్టు వేయించుకుంది. అందుకే చెయ్యి ఒక్కటే ఉంది మేడమ్. మొహం ఉన్న ముక్క ఒకే ఒక్కటి ఉండేది, అది అమ్మ నా ముందే చెరిపేసింది.”

“పోలీసులో?”

“వెళ్ళాను. మొహం లేదు, కొట్టినవాడు లేడు, ఈ చెయ్యి ఎవరిదో ఎలా చెప్తావమ్మా అన్నారు. మంచిగానే అన్నారు. మంచినీళ్ళు కూడా ఇచ్చారు.”

“తలుపు బాదిన చప్పుడు?”

“బావే. పాట అక్కడ ఆగిపోయింది. మళ్ళీ మొదలైనట్టు వినబడేది వేరే రోజు పాడింది. అది నేను అతికించాను. అక్కడ ఆగిపోతే వినలేకపోయాను మేడమ్.”

“ఇంత పెట్టుకుని వరస ఎందుకు తిప్పావు? ఉన్నది ఉన్నట్టు పెడితే అందరికీ తెలిసేది కదా.”

“ఉన్నది ఉన్నట్టు పెడితే పసుపుతో అయిపోతుంది. పసుపు చేత్తోనే ఆఖరుసారి ఫోన్లో మాట్లాడింది. మానిపోయిందే, ఇప్పుడు బాగానే ఉంటున్నాడు, నువ్వు పరీక్షలు చూసుకో అంది. నేను నమ్మి చదువుకోడానికి కూర్చున్నాను. పసుపు తర్వాత ఇంకేం లేవు మేడమ్. అక్కే లేదు. అందుకని వెనక్కి నడిపించాను. దెబ్బ మానినట్టు కాదు, అసలు తగలనట్టు. ఒక్క పాటంతసేపు.”

“నీళ్ళు తాగు.”

“సున్నా వెయ్యండి మేడమ్. ఒక్క షాటూ నేను తీసింది కాదు. అతుకులే నావి. కాకపోతే ఎవరో ఒకరు సరిగ్గా చదువుతారేమో చూడాలనిపించింది. అందరూ ఆశ ఆశ అంటుంటే వాళ్ళ మొహాన ఉమ్మెయ్యాలనిపించింది. మీరొక్కరే చదివారు.”

“నేను చదవలేదు.”

“మీ ఫోను మళ్ళీ వణుకుతోంది.”

“వణకనీ.”

“ఫోటో వెళ్ళలేదేమో.”

“వెళ్ళింది. గడియారం సరిగ్గా కనబడి ఉండదు.”

“ఆఫీసువాళ్ళు అది కూడా చూస్తారా మేడమ్?”

“అక్క నీకు మానిపోయిందని చెప్పిందా?”

“చెప్పింది.”

“నవ్వుతూ చెప్పిందా?”

“నవ్వుతూనే.”

“నేనూ అలాగే చెప్తా. మా చెల్లికి. మొన్న ఆదివారం కూడా చెప్పాను, అప్పటికి పసుపులో ఉంది.”

“మేడమ్.”

“మొహం లేకపోతే ఎవరి చెయ్యో తెలీదన్నారు కదా వాళ్ళు?”

“అవును మేడమ్.”

“ప్రతి షాటూ విద్యార్థే తియ్యాలి, రూలు అదే కదా?”

“అవును.”

“అయితే తలుపు గడియ పెట్టు. ట్రైపాడ్ తీసుకో. ఆ దీపం వేసి ఇటు తిప్పు, చేతి గుండీలు నేనే విప్పుకుంటాను. ముందు నా మొహం తియ్యి, పేరు చెప్తాను. చెయ్యి తర్వాత. పొద్దుటిది, ఇంకా ఎర్రగానే ఉంది.”