అన్నయ్య ఖాతా

ఆఫీసులో ఒకే కంప్యూటరు ముందు కూర్చుని వదిన, మరిది ఒక ఆసుపత్రి కోసం రాసిన ప్రోగ్రాంని పరీక్షిస్తున్నారు.

"వదినా, టెస్ట్ స్క్రిప్టు మళ్లీ ఆగిపోయింది."

"ఎక్కడ?"

"అన్నయ్య రాసిన చోటే. ముందు ఆయన ఖాతాతో లాగిన్ అయి చూస్తుంది. పోయినవాళ్ల ఖాతా ఆఫీసు మూసేసిందిగా."

"తెరవమను."

"అడిగాను. మనిషే వచ్చి సంతకం పెట్టాలట."

"రాలేడని చెప్పలేదా?"

"చెప్పాను. సెలవు చీటీ పెట్టాడా అన్నారు."

చాలా రోజుల తరువాత వదిన నవ్వింది.

"పోనీ, ఆ పరీక్ష తీసేద్దామా? సాయంత్రానికి ప్రోగ్రాం ఆసుపత్రికి పంపాలి."

"తీయొద్దు. ఆయన పేరు బదులు నా పేరు పెట్టు."

"మీరు రాజీనామా ఇచ్చారుగా! రేపు మీ ఖాతా కూడా మూసేస్తారు, కథ మళ్లీ మొదటికొస్తుంది."

"వెనక్కి తీసుకుంటాను."

"ఒక్క పరీక్ష కోసమా?"

"రోజూ పొద్దున్నే అది ఆయన ఉన్నాడా అని చూసేది. ఇక నన్ను చూడనీ."