అంచు పట్టే మిషను

మోత్కూర్ పొలిమేరలో డానియల్ రేకుల షెడ్డు. అతనికి కమ్మరి పని నేర్పిన జంగయ్య పోయి ఏడాదయింది. ఆయన భార్య నర్సింగమ్మ స్టూలు మీద కూర్చుని, డానియల్ ఫోన్‌లో బెల్టు గ్రైండర్ల ఫొటోలు చూస్తోంది. చూపించడమే తప్ప తేల్చుకోవడం పొద్దుటి నుంచీ అతనికి చేతకావడం లేదు.

"ఇది అరవై వేలు, అవ్వా."

"అరవై వేలా! కత్తులు నూరుడేనా, బువ్వ గూడ వండుతదా?"

"వేగం పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. నూరే బెల్టు పట్టా సన్నదైనా, వెడల్పుదైనా, అన్నీ ఎక్కుతయ్."

"నీ జేబుకు ఎక్కదు గదా. ఇంకోటి తియ్యి."

"ఇగో, ఇది పదిహేను వందలే. మన చేతి గ్రైండరుకు తగిలిస్తే చాలు, పట్టా తిరుగుతది."

"గౌండ్ల ఎల్లయ్య కల్లు గీసే గీతకత్తిని నువ్వు కాల్చింది గా చేతి గ్రైండరుతోనే గాదూ?"

"అవ్వా..."

"ఉత్తగనే అడిగిన బిడ్డా."

"కాల్చలే. జర వేడైంది, అంతే."

"జర వేడైతే అంచు నీలం తిరుగుతదా? బర్రె నాలిక లెక్క ఉండె."

"నవ్వకు. ఎల్లయ్య మామ తాటిచెట్టెక్కి గెల గీస్తే తెగలే, నలిగింది. ఆ గెల ఎండింది. కల్లు పోయింది. చెట్టు దిగి సీదా నా మీదికే వచ్చిండు."

"ఏమన్నడు?"

"జంగయ్య అంచు జంగయ్యతోనే పోయిందన్నడు. ఇంకొక్క కత్తి చూస్తడట. గది గూడ తెగకపోతే గౌండ్లోల్లంత తిరుమలగిరి అంగడిల కొనుక్కుంటరట. ఇగ నేను గేట్లు వెల్డింగ్ చేసుకుంట కూసునుడే."

"గేట్లు మంచిగనే చేస్తవ్ గదా. మా కోడలింటి గేటు ఇంకా పడలే."

"అవ్వా, నాకు కత్తులు కావాలె. షాద్‌నగర్ షెడ్డుల ఐదేండ్లు గేట్లే చేసిన. ఒక్క గేటన్న యాదికి లేదు. జంగయ్య తాత కాడ సమ్మెట కొట్టింది మూడేండ్లే. ఒక్కొక్క కత్తి యాదికున్నది."

"సరే, సరే. ఏడుపు మొఖం పెట్టకు. ఇంకోటి చూపియ్యి."

"ఇది ఏడు వేలు. టేబుల్ మీద పెట్టుకునేది. అంగుళం పట్టా."

"గింత సన్నగనా? లంగా నాడ లెక్క ఉన్నది."

"అవ్వా! అంచుకు సరిపోతదంటున్నరు."

"అంచుకు సరిపోతది. మరి కత్తి పక్కలు? గీతకత్తి అంత వెడల్పు ఉంటదాయె. నాడ మీద తోమితే గుంటలు పడయా?"

"...పడ్తయ్. గది నీకెట్ల ఎర్క?"

"నలభై ఏండ్లు కొలిమి తిత్తి ఊదినోల్లకు గింత ఎర్క ఉండదా? పట్టా అరిగితే మల్ల ఏడ దొరుకుతది?"

"అంగుళంది ఫోన్‌ల బుక్ చేస్తే వారానికొస్తది. రెండంగుళాలదైతే నల్లగొండల దొరుకుతది."

"అయితే రెండంగుళాలదే జూడు. పట్టా కోసం వారమంత ఎదురుచూస్తే ఎల్లయ్య కల్లు పులుస్తది."

"ఉన్నదొకటి. షాద్‌నగర్ల నాతోని పనిచేసిన మహేష్ ఫ్రేము చేసిస్తడు. మోటరుతోని కలిపి పదహారు వేలు. గని ఒక్కటే వేగం. బాగ ఉరుకుతది."

"ఉరికితే మల్ల బర్రె నాలికనే."

"పక్కన నీళ్ళ బకెట్ పెట్టుకుంట గదా."

"బకెట్ల ముంచేలోపే నీలం తిరుగుతది. ఉత్త వేలు పెట్టి చూడాలె. వేలు ఓర్వకపోతే ఇనుమూ ఓర్వదు."

"గ్లౌజులు ఏసుకుందామనుకున్న."

"ఏసుకో, ఏసుకో. బాసింగం గూడ కట్టుకో."

"ఏం మాట్లాడినా ఎక్కిరిస్తానవ్. తాత గూడ గిదే అనేటోడా? ఉత్త వేలుతోని చూడాలె అని?"

"తాత శాన అనేటోడు. ముందుగాల వేగం తగ్గే ఉపాయం చెప్పు. చదువుకున్నోనివి నువ్వు."

"వేగం అంటే... ఆగు. మోటరుకు మూడు మెట్ల పుల్లీ బిగిస్తే? చిన్న మెట్టు మీద నడిపిస్తే నిదానంగ తిరుగుతది! పుల్లీకి పన్నెండొందలైతది, అంతే."

"చూసినవా? అరవై వేల పని పన్నెండొందలల్ల తెగింది. పొద్దటి సంది ఉత్తగ నా బుర్ర తిన్నవ్."

"మిషనైతే దొరికింది. గని అవ్వా..."

"మల్ల గని ఏంది?"

"మిషను ఉంటే అంచు వస్తదా?"

"రాదు."

"గట్ల మొఖం మీదనే అంటివి."

"సైకిల్ కొంటే తొక్కుడు వస్తదా?"

"గదే నా బాధ. తాత కాల్చుడు నేర్పిండు, కొట్టుడు నేర్పిండు, నీళ్ళల్ల ముంచుడు నేర్పిండు. అంచు కాడికి రాంగనే, రేపు జూద్దాంతియ్ అనేటోడు. కత్తి సంచిల ఏసుకొని ఇంటికి పోయేటోడు. తెల్లారి తెస్తే అంచు తళతళ మెరిసేది."

"ఊఁ."

"ఒక మాట అడుగుత. కోపం చెయ్యకు."

"అడుగు."

"నేను మీ కులపోన్ని గానని నేర్పలేదా?"

"డానియలూ!"

"మనసుల ఉన్నది, అడిగిన. తాత పాడె మోసిన గదా, మోసుకుంట గూడ గిదే అనుకున్న. నా మీద నాకే సిగ్గైంది. గని పోతలేదు అవ్వా, గా మాట లోపల్నే తిరుగుతాంది."

"చాయ్ పొయ్యి."

"చాయ్ తర్వాత. జవాబు చెప్పు."

"చెప్త. ముందుగాల గా మహేష్‌కు ఫోన్ కొట్టు. ఫ్రేము కాళ్ళు పొట్టిగ కొయ్యమను. మోకాలెత్తుల ఉండాలె."

"మోకాలెత్తా? వంగి వంగి నా నడుము పోతది."

"నువ్వెందుకు వంగుతవ్? నువ్వు పక్కన నిలబడి చూస్తవ్. చేసేటోల్లు కూసుంటరు."

"ఎవరు కూసుంటరు?"

"నేను."

"నువ్వా? అవ్వా, పరాష్కమా?"

"పొద్దటి సంది ఆడిన పరాష్కాలు చాలు. గీతకత్తిని ఆడది ముడితే కల్లు పారదంటరు, ఎర్కేనా? ఎల్లయ్య తండ్రి గూడ గదే అనేటోడు. అందుకే మీ తాత నోరు మూసుకున్నడు. నేనూ మూసుకున్న."

"అంటే... సంచిల తీసుకపోయిన కత్తులు..."

"నీ కులం జూసి నేర్పకపోలే బిడ్డా. మీ తాతకు అంచు పట్టుడే రాదు. నలభై ఏండ్లు ఇంట్ల పొయ్యి పక్కకు కూసోని, ప్రతి కత్తికి నేనే పట్టిన. ఎల్లయ్య చూస్తనన్న గా ఒక్క కత్తి మాత్రం ఆయన చేతుల నేనే పెడ్త, ఎవరు పట్టిన్రో చెప్పి మరీ పెడ్త."